కృష్ణ ఒడ్డున అయస్కాంత ఫిల్టర్లు

సీతానగరం వైపు ఘాట్ మెట్ల మీద కెమెరా నిలబెట్టుకుని ప్రకాశం బ్యారేజీ వంక చూస్తుంటే, పొద్దు గుంకే వేళ మంచి వెలుగు మహా అయితే ఇరవై నిమిషాలు నిలుస్తుంది. ఒక సాయంత్రం ఆ ఇరవై నిమిషాల్లో సగం, లెన్స్ ముందు మర తిప్పి బిగించే గాజు ఫిల్టర్‌తో కుస్తీ పట్టడానికే సరిపోయింది. అల్యూమినియం రింగు లెన్స్ మరలో వంకరగా ఎక్కి బిగుసుకుపోయింది. చెమట పట్టిన వేళ్లకు పట్టు దొరకలేదు. చివరికి రబ్బరు బ్యాండు చుట్టి, చొక్కా అంచుతో పట్టుకుని తిప్పి ఊడదీసేసరికి నీటి మీది బంగారు రంగు వెలిసిపోయి బూడిద రంగు మిగిలింది. ఆ అనుభవం తర్వాతే మర తిప్పే పని లేని అయస్కాంత ఫిల్టర్ల సెట్ ఒకటి కొని, నెలకు పైగా విజయవాడ, గుంటూరుల మధ్య వాడి చూశాను.

ఈ ఫిల్టర్ల గురించి ఎవరిని అడిగినా రెండు వేర్వేరు విషయాలు కలిపి చెబుతారు, కొత్తగా కొనేవారికి తికమక మొదలయ్యేది అక్కడే. ఫిల్టర్‌ను లెన్స్‌కు పట్టి ఉంచేది అయస్కాంతం, వెలుగును మార్చేది గాజు. పట్టు బాగున్నంత మాత్రాన గాజు మంచిదని కాదు, గాజు మేలైనదైనంత మాత్రాన పట్టు నమ్మదగినదనీ కాదు. ఒకే పెట్టెలో వస్తాయి కాబట్టి రెంటికీ కలిపి ఒకే మార్కు వేయడం అలవాటైంది గాని, నా దృష్టిలో వాటిని రెండు వస్తువులుగా చూసి విడివిడిగా పరీక్షించాలి.

ముందు పట్టు సంగతి. సెట్‌లో ఒక పలుచని ఆధారపు రింగు ఉంటుంది. దాన్ని లెన్స్ ముందున్న మరకు, నా లెన్స్‌లో అది 77 మిల్లీమీటర్లది, ఒక్కసారి బిగించి అలాగే వదిలేస్తాం. ఆ తర్వాత ఫిల్టర్లన్నీ ఆ రింగు మీదికి వచ్చి టక్కున అతుక్కుంటాయి. అల్యూమినియాన్నీ ఇత్తడినీ అయస్కాంతం ఆకర్షించదు కాబట్టి, చట్రం దేనితో చేసినా అంచు వెంట చిన్న చిన్న నియోడిమియం అయస్కాంతాలను పొదుగుతారు. నియోడిమియం, ఇనుము, బోరాన్ కలిసిన ఈ అయస్కాంతం 1980ల తొలి సంవత్సరాల్లో జపాన్‌లో సగావా మసాతో, అమెరికాలో జనరల్ మోటార్స్ పరిశోధకులు ఎవరికి వారు రూపొందించినది. బియ్యపు గింజంత ముక్క కూడా గట్టిగా పట్టగలగడం వల్లనే ఇంత పలుచని రింగులో ఇంత బలాన్ని ఇమడ్చగలిగారు.

అయితే ఆ బలం అన్ని దిక్కులా ఒకేలా ఉండదు. ఫ్రిజ్ తలుపు మీద అంటించిన అయస్కాంతాన్ని తిన్నగా మన వైపు లాగి చూడండి, తర్వాత పక్కకు జరిపి చూడండి. లాగడానికి పట్టిన శ్రమలో కొద్ది వంతే జరపడానికి పడుతుంది. తిన్నగా లాగేటప్పుడు అయస్కాంతపు ఆకర్షణ మొత్తాన్ని ఎదిరించాలి, పక్కకు నెట్టేటప్పుడు మాత్రం రాపిడి ఒక్కదాన్నే గెలిస్తే చాలు. ఫిల్టర్ విషయంలోనూ ఇంతే. కెమెరాను బోర్లించి ఊపినా ఊడని ఫిల్టర్, మెడలో వేలాడుతున్నప్పుడు బ్యాగు పట్టీ అంచు పక్కనుంచి తగిలితే జారిపోగలదు. పున్నమి ఘాట్ మెట్ల మీద నాకు సరిగ్గా అదే జరిగింది. గాజు పగల్లేదు గాని చట్రం అంచున ఇప్పటికీ సొట్ట ఉంది. అందుకే కొనేముందు రింగును పక్కనుంచి చూడాలి. ఫిల్టర్ వెనుక భాగం ఆధారపు రింగులోకి కనీసం ఒక మిల్లీమీటరైనా దిగి కూర్చునేలా గట్టు ఉందా, లేక రెండు చదునైన ముఖాలు ఒకదాని మీద ఒకటి ఆనుకుని ఉన్నాయా అన్నది గమనించాలి. గట్టు ఉంటే పక్క దెబ్బను లోహం కాచుకుంటుంది, లేకుంటే ఆ భారమంతా రాపిడి మీదే పడుతుంది. అయస్కాంతాలు ఎన్ని ఉన్నాయన్న లెక్క కంటే ఈ గట్టే ముఖ్యమని నా అభిప్రాయం.

ఈ పట్టుకు రెండో శత్రువు మన నది ఒడ్డునే ఉంది. కృష్ణ ఇసుకను అరచేతిలో పరిచి చూస్తే తెల్లని, పసుపుపచ్చని రేణువుల మధ్య నల్లని చుక్కలు కనిపిస్తాయి. వాటిలో మాగ్నెటైట్ ఉంటుంది, అది ఇనుప ఖనిజం. ఫిల్టర్‌ను క్షణం సేపు ఇసుక మీద పెట్టి తీస్తే, అయస్కాంతాలు ఉన్న ప్రతి చోటా ఆ నల్లని రేణువులు చిన్న చిన్న ముళ్లలా నిక్కబొడుచుకుని నిలబడతాయి. ఊదితే పోవు. గుడ్డతో తుడిస్తే ఒక అయస్కాంతం మీదినుంచి ఇంకోదాని మీదికి జరుగుతాయి, ఆ దారిలో గాజు మీదికి వస్తే గీత పడుతుంది. జిగురు టేపు ముక్కను అంచు మీద అద్ది లాగడం ఒక్కటే నాకు పనిచేసిన ఉపాయం. రేణువులు ఉండిపోతే గీతల బెడదే కాదు, పట్టు కూడా తగ్గుతుంది, ఎందుకంటే అయస్కాంతానికి, అది పట్టుకోవలసిన లోహానికి మధ్య కాగితమంత ఖాళీ వచ్చినా ఆకర్షణ చప్పున పడిపోతుంది. సూర్యలంక బీచిలో గానీ, హంసలదీవి దగ్గర గానీ ఫొటోలు తీసేవారు ఈ ఫిల్టర్లను సంచిలోంచి తీసి సంచిలోకే పెట్టాలి, నేల మీద పెట్టకూడదు.

ఇక గాజు పని. సెట్‌లో సాధారణంగా మూడు రకాలు ఉంటాయి. వాటిలో యూవీ ఫిల్టర్ గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. డిజిటల్ కెమెరా సెన్సర్ ముందే అతినీలలోహిత కాంతిని ఆపే పొర ఉంటుంది కాబట్టి, ఈ రోజుల్లో అది దుమ్ము, గీతల నుంచి లెన్స్‌కు కాపు మాత్రమే.

ఎన్‌డీ (న్యూట్రల్ డెన్సిటీ) ఫిల్టర్ చేసేది కూడా ఒకటే పని, రంగు మార్చకుండా వెలుగును తగ్గించడం. పేరులోని అంకె ఎన్నో వంతు వెలుగు లోపలికి వస్తుందో చెబుతుంది. ఎన్‌డీ 8 అంటే ఎనిమిదో వంతు, ఎన్‌డీ 64 అంటే అరవై నాలుగో వంతు, ఎన్‌డీ 1000 అంటే ఇంచుమించు వెయ్యో వంతు. వెలుగు సగమైన ప్రతిసారీ ఒక స్టాపు తగ్గినట్టు లెక్క కాబట్టి ఇవి వరసగా 3, 6, 10 స్టాపులు. కొందరు తయారీదారులు ఇదే బలాన్ని 0.9, 1.8, 3.0 అని సాంద్రతలో రాస్తారు. 0.3 కలిసిన ప్రతిసారీ ఒక స్టాపు పెరిగినట్టు. ఎన్‌డీ 3.0ను ఎన్‌డీ 8 కంటే తేలికైనదనుకుని కొనేవారు ఉంటారు, నిజానికి అది ఏడు స్టాపులు ఎక్కువ చిక్కనిది.

పెళ్లి వీడియోలు తీసేవారికి ఈ లెక్క రోజూ ఎదురవుతుంది. ఎర్రటి ఎండలో ఐఎస్‌ఓ (సెన్సర్ వెలుగుకు స్పందించే స్థాయి) 100, లెన్స్ రంధ్రం ఇరుకైన ఎఫ్/16 దగ్గర షట్టర్ సెకనులో నూరో వంతు తెరిచి ఉండాలన్నది పాత ఫొటోగ్రాఫర్ల కొండగుర్తు. వెనుక దృశ్యం మసకబారాలని ఆ రంధ్రాన్ని, అంటే ఎపర్చర్‌ను, ఎఫ్/2కు తెరిస్తే ఆరు స్టాపుల వెలుగు అదనంగా వస్తుంది కాబట్టి షట్టర్ 1/6400కు పోతుంది. సెకనుకు 25 ఫ్రేముల వీడియోలో కదలిక సహజంగా కనిపించాలంటే షట్టర్ 1/50 దగ్గర ఉండాలి. ఈ రెంటి మధ్య దూరం ఏడు స్టాపులు, అంటే ఎన్‌డీ 128. వధూవరులు మండపం నీడలోంచి ఎండలోకి అడుగుపెట్టగానే ఆ ఫిల్టర్ ఉండాలి, మళ్లీ నీడలోకి వెళ్లగానే తీసెయ్యాలి. మర ఫిల్టర్‌తో ఆ పని కుదరదు కాబట్టే చాలామంది మార్చుకోగల ఎన్‌డీని వాడతారు. అది ఎదురెదురుగా పెట్టిన రెండు ధ్రువణ ఫిల్టర్లు, అంటే ఒకే దిశలో కంపించే వెలుగును వదిలేవి. ఎక్కువ చీకటి వైపు తిప్పినప్పుడు, ముఖ్యంగా వెడల్పాటి దృశ్యాలు చూపే లెన్స్ మీద, ఫ్రేములో కత్తెర గుర్తులా నల్లని నీడ పడుతుంది. విడి విడి ఎన్‌డీలకు ఆ దోషం లేదు, అయస్కాంతం వచ్చాక వాటిని మార్చడం కూడా క్షణం పనే అయింది.

గాజు నాణ్యత తెలియాలంటే ఖరీదైన పరికరాలేవీ అక్కర్లేదు. నీడపట్టున ఉన్న తెల్ల సున్నపు గోడకు ఎదురుగా కెమెరాను ట్రైపాడ్ మీద నిలిపి, తెలుపును తెలుపుగా చూపే వైట్ బ్యాలెన్స్ అమరికను ఒకే చోట కట్టేసి, ఫిల్టర్ లేకుండా ఒకటి, ప్రతి ఫిల్టర్‌తో ఒకటి తీయాలి. నేను తీసినప్పుడు ఫిల్టర్ లేకుండా 1/125 సెకను పట్టిన గోడ, ఎన్‌డీ 64తో సరిగ్గా అర సెకనుకు అదే తెలుపుతో వచ్చింది. ఎన్‌డీ 1000 మాత్రం తన పేరు కంటే స్టాపులో మూడో వంతు ఎక్కువ చిక్కగా ఉండి, గోడను కాస్త గోధుమ రంగులోకి లాగింది. చిక్కని ఎన్‌డీలకు ఈ జబ్బు ఉంది. కంటికి కనిపించే వెలుగును ఆపినంత గట్టిగా పరారుణ కాంతిని ఆపకపోతే, సెన్సర్‌కు చేరే దానిలో ఆ పాలు ఎక్కువై నలుపు రంగులు ఎర్రబారతాయి. కొద్దిపాటి మార్పును కంప్యూటర్‌లో సరిచేయవచ్చు గాని, ఫ్రేము మధ్యన ఒక రంగు, మూలల్లో మరో రంగు వస్తే ఆ గాజును తిప్పి ఇచ్చేయడమే మంచిది.

మూడోది ధ్రువణ ఫిల్టర్, సీపీఎల్. నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఇదే, ఎందుకంటే ఇది చేసే పనిని తర్వాత ఏ కంప్యూటరూ చేయలేదు. దీని పని అర్థం కావాలంటే సి.వి. రామన్ 1921లో ఓడ మీద చేసిన పరిశీలనను తలచుకోవాలి. ఆయన చిన్నతనంలో తండ్రి ఉద్యోగరీత్యా విశాఖపట్నంలో పెరిగినవారు. ఇంగ్లండు నుంచి నర్కుండా అనే ఓడలో తిరిగి వస్తూ మధ్యధరా సముద్రపు నీలిమను చూశారు. సముద్రపు నీలం కేవలం ఆకాశపు ప్రతిబింబమేనని బ్రిటిష్ భౌతిక శాస్త్రవేత్త లార్డ్ రేలీ అంతటివాడు చెప్పి ఉన్నాడు. రామన్ తన వద్ద ఉన్న, ఒకే దిశలో కంపించే వెలుగును వదిలే నికోల్ పట్టకాన్ని తగిన కోణంలో తిప్పి నీటి మీది ఆకాశపు ప్రతిబింబాన్ని ఆర్పేసి చూశారు. నీలం పోలేదు సరికదా, మరింత చిక్కనైంది. అంటే ఆ రంగు నీటిలోంచే, నీటి అణువులు వెలుగును చెదరగొట్టడం వల్లనే వస్తోందని తేలింది. మనం లెన్స్ ముందు సీపీఎల్‌ను తిప్పుతున్నప్పుడు చేసేది సరిగ్గా ఆ పనే, నికోల్ పట్టకం స్థానంలో ఇప్పుడు పలుచని పొర వచ్చింది.

నీటి మీద పడి వెనక్కి తిరిగే వెలుగు ఒక ప్రత్యేక కోణంలో పూర్తిగా ఒకే దిశలో కంపిస్తుంది. స్కాట్లండ్ శాస్త్రవేత్త బ్రూస్టర్ 1815లో చెప్పిన ఈ కోణం నీటికి నిలువు గీత నుంచి 53 డిగ్రీలు. లోకంలో పనికొచ్చేలా చెప్పాలంటే, కెమెరా నీటికి మూడు మీటర్ల ఎత్తున ఉంటే, సుమారు నాలుగు మీటర్ల దూరంలో ఉన్న నీటి మీది తళుకు పూర్తిగా పోతుంది. అంతకు బాగా దగ్గరగా ఉన్న నీటి మీద, బాగా దూరంగా ఉన్న నీటి మీద అది కొంతే తగ్గుతుంది. బ్యారేజీ ఎగువన పరుచుకున్న నీటినంతటినీ ఒకే ఫ్రేములో పెట్టి సీపీఎల్ తిప్పితే, దగ్గరి నీటిలో అడుగు రాళ్లు కనిపిస్తూ అవతలి నీరు వెండిలా మెరుస్తూనే ఉండటానికి కారణం ఇదే. వరద రోజుల్లో మాత్రం నేను దీన్ని తీసి జేబులో వేసుకుంటాను. మట్టి నీటి మీదినుంచి ఆకాశపు ప్రతిబింబాన్ని తుడిచేస్తే మిగిలేది ఒట్టి గోధుమ రంగే.

ఆకాశం విషయంలో సూర్యుడికి 90 డిగ్రీల పక్కన ఉన్న భాగమే బాగా ముదురుతుంది. ప్రకాశం బ్యారేజీ విజయవాడ వైపు నుంచి దక్షిణాన సీతానగరం దాకా సాగుతుంది కాబట్టి, సీతానగరం వైపు నుంచి ఉత్తరానికి తిరిగి ఇంద్రకీలాద్రిని తీస్తే పొద్దున్నయినా సాయంత్రమైనా సూర్యుడు పక్కనే ఉంటాడు, నీలం చక్కగా దిగుతుంది. అదే పడమటికి తిరిగి అస్తమయాన్ని తీసేటప్పుడు ఆకాశం మీద సీపీఎల్ చేయగలిగింది దాదాపు ఏమీ లేదు, పైగా స్టాపున్నర వెలుగు తినేస్తుంది.

దీని విలువ నాకు పూర్తిగా తెలిసింది గుంటూరు మిర్చి కళ్లాల్లో. ఎండలో ఆరబోసిన మిరపకాయల రాశి కంటికి ఎర్రగానే ఉంటుంది గాని, ఫొటోలో ప్రతి కాయ మీదా ఒక తెల్లని గీత పడి రాశి మొత్తం పాలిపోయినట్టు వస్తుంది. ఆ గీత మిరపతొక్క నునుపు మీది ఆకాశపు మెరుపు. ఫిల్టర్‌ను పావు వంతు తిప్పగానే ఆ తెలుపు ఒక్కో కాయ మీదినుంచీ జారిపోయి, కింద దాగిన ముదురెరుపు, తొక్క మీది ముడతలు, తొడిమె పచ్చదనం బయటపడతాయి. అరటాకుల మీద, తమలపాకుల మీద కూడా ఇదే మార్పు కనిపిస్తుంది. అదే ఫిల్టర్‌తో మంగళగిరి చీర జరీ అంచును తీయబోతే, నేతబట్ట రంగు చిక్కబడింది గాని జరీ మెరుపు ఎంత తిప్పినా తగ్గలేదు. లోహం మీదినుంచి తిరిగే వెలుగు నీటి మీద, ఆకు మీద జరిగినట్టు ధ్రువణం చెందదు. నగల ఫొటోలకు సీపీఎల్ కొనాలనుకునేవారు ఈ ఒక్క ముక్క గుర్తుంచుకుంటే డబ్బు మిగులుతుంది.

అయస్కాంతం నిజంగా ఉపకరించేది ఈ తిప్పడంలోనే. ఉండవల్లి గుహల ముందు పచ్చని పొలాలను సీపీఎల్‌తో తీసి, వెనక్కి తిరిగి శేషశయనుడి విగ్రహం ఉన్న చీకటి గదిలోకి అడుగుపెడితే ఆ ఫిల్టర్ అడ్డమే. మర ఫిల్టరైతే సోమరితనంతో అలాగే ఉంచి ఐఎస్‌ఓ పెంచేవాణ్ని, ఇప్పుడు గడప దగ్గరే తీసేస్తున్నాను. ఇంకో మేలు కూడా ఉంది. సీపీఎల్ వెనుక భాగం లెన్స్ వైపు ఉంటేనే పనిచేస్తుంది, తిరగేస్తే తళుకు పోదు. నా సెట్‌లో తిరగేసి పెట్టబోతే ధ్రువాలు కలవక నెట్టేసుకుంటాయి కాబట్టి ఆ పొరపాటుకు తావు లేదు.

ఇబ్బందులూ లేకపోలేదు. ఆధారపు రింగు బిగించాక లెన్స్‌తో వచ్చిన మూత పట్టదు, అయస్కాంతపు మూతే కావాలి. కొన్ని లెన్స్‌లకు పక్కల వెలుగును ఆపే హుడ్ కూడా ఎక్కదు. రింగు మీద రెండు ఫిల్టర్లు పేర్చి 16 మిల్లీమీటర్ల లెన్స్‌తో తీస్తే ఫ్రేము మూలలు నల్లబడ్డాయి, 24 మిల్లీమీటర్ల దగ్గర పోయాయి. అన్నిటికంటే పెద్ద చిక్కు, ఒక కంపెనీ రింగుకు ఇంకో కంపెనీ ఫిల్టర్ సరిపడకపోవడం. మరలకు 67, 77, 82 వంటి కొలతలు అందరికీ ఒకటే గాని, అయస్కాంతాల అమరికకు అలాంటి ఉమ్మడి కొలత ఏదీ లేదు. ఒకసారి ఒక సెట్ కొన్నామంటే ఆ ఇంటికే అల్లుడైపోయినట్టు. అందుకే మన దగ్గరున్న లెన్స్‌లలో అన్నిటికంటే పెద్ద మర కొలతకు సెట్ తీసుకుని, చిన్న లెన్స్‌లకు అదే కంపెనీ రింగులు కొనుక్కోవాలి.

మన ఊరి ఎండ ఈ అయస్కాంతాలను పాడుచేస్తుందేమోనని అడుగుతుంటారు. సాధారణ రకాలు కూడా 80 డిగ్రీల దాకా తట్టుకుంటాయి, కాబట్టి మే నెలలో ఘాట్ మీద నిలబడినంత మాత్రాన ఏమీ కాదు, అద్దాలు మూసిన కారు డ్యాష్‌బోర్డు మీద మాత్రం వదిలేయవద్దు. ఏసీ కారులోంచి దిగగానే ఫిల్టర్ మీద ఆవిరి పడుతుంది. రెండు ఫిల్టర్లు కలిసి ఉంటే వాటి మధ్య పట్టిన తేమ చాలాసేపు ఆరదు, అందుకని విడదీసి బ్యాగులో అయిదు పది నిమిషాలు ఉంచాలి. మెమరీ కార్డుకు అయస్కాంతంతో హాని లేదు, నల్లపట్టీ ఉన్న పాత రకం బ్యాంకు కార్డులకు ఉండవచ్చు. గుండెకు పేస్‌మేకర్ అమర్చినవారు ఇలాంటి అయస్కాంతాలను కనీసం 15 సెంటీమీటర్ల దూరంలో ఉంచాలి, చొక్కా పైజేబులో వేసుకోకూడదు. ఇంకొక మాట గట్టిగా చెప్పాలి. ఎన్‌డీ 1000 ఎంత నల్లగా ఉన్నా దానిలోంచి సూర్యుణ్ని గాని గ్రహణాన్ని గాని కంటితో చూడరాదు. సూర్యుడికి వాడే ఫిల్టర్లు వెలుగును లక్షో వంతుకు తగ్గిస్తాయి, ఇది దానికి నూరింతలు ఎక్కువ వెలుగును వదులుతుంది.

కిందటి వారం మళ్లీ అదే ఘాట్‌కు వెళ్లాను. బ్యారేజీ మీద వాహనాల కదలికకు ట్రైపాడ్ అదురుతుందని మెట్ల మీదే నిలిపాను. ఐఎస్‌ఓ 100, ఎఫ్/11 దగ్గర ఫిల్టర్ లేకుండా షట్టర్ 1/60 ఉండగా ఫ్రేము, ఫోకస్ సరిచేసుకుని, ఎన్‌డీ 1000ను ఒక అంచు ముందు ఆనించి మెల్లగా వాల్చాను. ఒక్కసారిగా వదిలితే అది టక్కున కొట్టుకుని కెమెరా కదులుతుంది. సుమారు 21 సెకన్లకు నీటి అలలన్నీ పొగమంచులా పరుచుకున్నాయి. సూర్యుడు దిగిపోయాక ఫిల్టర్ లేకుండా కావలసిన షట్టర్ 1/8కి పడింది. అదే ఫిల్టర్‌తో రెండు నిమిషాలకు పైగా పట్టేది కాబట్టి ఎన్‌డీ 64కు మారాను, 8 సెకన్లు పట్టింది. ఫిల్టర్ లేకుండా ఒక సెకను పట్టే వెలుగు దగ్గర ఎన్‌డీ 8, మళ్లీ 8 సెకన్లే. మూడు మార్పుల్లో ఒక్కసారి కూడా ఫ్రేము జరగలేదు, ఫోకస్ రింగు కదల్లేదు. బ్యారేజీ దీపాలు వెలిగేసరికి ఏ ఫిల్టరూ లేకుండానే 8 సెకన్లు వచ్చాయి. ఆ ఫొటోలో 70 గేట్ల వరస మొత్తం నీటిలో తలకిందులుగా నిలిచి ఉంది.